శ్రీహరికోటలో ఉచిత గ్యాలరీ, సూళ్లూరుపేటలో మూడింతల గది అద్దె

శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగాన్ని సందర్శకుల గ్యాలరీ నుంచి చూడడానికి ఒక్క రూపాయి కూడా చెల్లించనవసరం లేదు. దానికి ముందు రాత్రి, దగ్గరి ఊరైన సూళ్లూరుపేటలో తల దాచుకోవడానికి మా దగ్గర వసూలు చేసిన సొమ్ము తలచుకుంటే మాత్రం ఇప్పటికీ కడుపు మండుతుంది.

మేము చూసినది 2023 సెప్టెంబరు 2న జరిగిన ఆదిత్య-ఎల్1 అనే సూర్య పరిశోధన నౌక ప్రయోగం. చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగి అప్పటికి పది రోజులే కావడంతో దేశమంతా అదే ముచ్చట. ఆగస్టు 29 మధ్యాహ్నం 12 గంటలకు ఆన్‌లైన్ నమోదు మొదలవుతుందని ఇస్రో ప్రకటించగానే, మా బావమరిది ఆఫీసులో భోజనం మానుకుని ఫోను పట్టుకు కూర్చుని నలుగురి పేర్లూ నమోదు చేయించాడు. విజయవాడ నుంచి రైలు ప్రయాణం హాయిగా సాగింది.

లాడ్జివారు ఫోనులో గది అద్దె 1,200 అని చెప్పి, 500 అడ్వాన్సు కూడా పంపించుకున్నారు. తీరా సామాన్లతో మెట్లెక్కేసరికి అద్దె 3,500 అయింది. "రేపు రాకెట్టుంది కదా సార్, ఈరోజు రేటింతే. వద్దంటే చెప్పండి, వెనకాల ఇంకో పార్టీ ఉండారు" అన్నాడు గుమస్తా, తల కూడా ఎత్తకుండా. ఆ రాత్రి ఊళ్లో మరెక్కడా గది దొరకదని అతనికీ తెలుసు, మాకూ తెలుసు. రసీదు మాత్రం 1,200కే రాసి ఇచ్చాడు. మిగిలిన 2,300 మాటేమిటని అడిగితే, దానికి కాగితం ఎందుకు సార్ అని నవ్వాడు. అద్దె పెంచడం కన్నా ఆ నవ్వే నాకు ఎక్కువ కోపం తెప్పించింది.

ఇంతా చేసి ఆ గది ఎలా ఉందంటే, స్నానాల గది తలుపుకు గడియ లేదు. లోపలికి వెళ్లినవారు నీళ్లు నింపిన బకెట్టును తలుపుకు అడ్డంగా జరుపుకోవాలి. తెల్లవారుజామున ఆ నీళ్లు కూడా ఆగిపోయాయి. "రాకెట్టు సంగతి దేవుడెరుగు, ముందు ఈ ఫ్యాను తిరిగేట్టు చూడండి అల్లుడుగారూ" అని మామగారు రాత్రంతా కుర్చీలోనే జాగారం చేశారు. నా భార్య మరునాడు రాకెట్ లేచేదాకా నాతో మాట్లాడలేదు. కాబట్టి ప్రయోగం ముందు రాత్రి సూళ్లూరుపేటలో బస చేయవద్దు. నాయుడుపేటలోనో గూడూరులోనో ఉండి, తెల్లవారగానే బయలుదేరడం మేలు. చెన్నై వైపు నుంచి వచ్చేవారికి సబర్బన్ రైళ్లు సూళ్లూరుపేట వరకూ ఉన్నాయి కాబట్టి, వేళ కుదిరితే వారికి బస అవసరమే ఉండదు.

అద్దె కారు డ్రైవరు రానూ పోనూ 1,500 అన్నాడు, చివరికి అంతే తీసుకున్నాడు. పులికాట్ సరస్సు మధ్యగా వెళ్లే దారిలో రెండు పక్కలా నీళ్లు, కొంగలు చూస్తూ మామగారి చిరాకు కొంత తగ్గింది. ఆధార్ కార్డు, నమోదు పత్రం సరిచూసి లోపలికి పంపారు. భద్రతా సిబ్బంది కరకుగా ఉంటారని విని వెళ్లాము గానీ, పెద్దాయన నడకను చూసి వారే ముందుకు పంపించారు.

2019లో సందర్శకులకు తెరిచిన ఈ గ్యాలరీ స్టేడియం మెట్లలా ఉంటుంది; పెద్ద తెరలు, వ్యాఖ్యానం ఉన్నాయి. ప్రయోగ సమయం 11:50 కావడంతో ఎండ, ఉక్కపోత కలిసి ఊపిరాడనివ్వలేదు. గొడుగు లేకుండా వెళ్లకండి. చోటు దొరికితే పై వరుసల్లోనే కూర్చోండి. కౌంట్‌డౌన్ చివరి అంకెలకు ముందు వరుసలవారందరూ లేచి చేతులెత్తుతారు; కింద కూర్చున్నవారి వీడియోలో రాకెట్ కన్నా పరాయివాళ్ల ఫోన్లే ఎక్కువగా కనిపిస్తాయి.

చెట్ల వరుస మీదుగా మొదట పైకి లేచింది వెలుగే, శబ్దం కాదు. శబ్దం కిలోమీటరు దూరం రావడానికి దాదాపు 3 సెకన్లు పడుతుంది కనుక, సుమారు 320 టన్నుల పీఎస్ఎల్‌వీ రాకెట్ కాసేపు మూగగా ఎగిరింది. ఆ తరువాత వచ్చిన చప్పుడు ఒక్క పెట్టున పేలిన మోత కాదు; ఎండు తాటాకుల మంటలో వినిపించే చిటపటలు వేయింతలై ఛాతీకి తగిలినట్టుంది. మామగారు రెండు చేతులూ జోడించారు. నా భార్య నా భుజం పట్టుకుని ఏదో అంది గానీ వినిపించలేదు.

ఆ చప్పుడు ఫోనులో పడదు. మా బావమరిది ఫోను మైకు దాన్ని పగిలిన స్పీకరు మోతగా మార్చేసింది. దృశ్యం మాత్రం బాగా తీశాడు. రాకెట్ మొదటి దశలోనూ, దాని చుట్టూ ఉండి అదనపు తోపునిచ్చే 6 బూస్టర్లలోనూ మండేది ఘన ఇంధనం. అందుకే మంట కళ్లు చెదిరేలా, పొగ తెల్లగా దట్టంగా ఉంటుంది. ఫోనును దాని మానాన వదిలేస్తే ఆ వెలుగుకు ఆకాశాన్ని నల్లగా చేస్తుంది, లేదా మంటను ఉత్త తెల్ల మచ్చగా చూపిస్తుంది. అతను ముందుగానే దూరపు చెట్ల మీద వేలు నొక్కి పట్టి ఫోకస్, ఎక్స్‌పోజర్ రెండింటినీ కదలకుండా ఖాయం చేసి, వెలుగును ఒక మెట్టు తగ్గించి, ఫోనును అడ్డంగా పట్టుకుని మోచేతులు మోకాళ్లకు ఆనించుకున్నాడు. జూమ్ జోలికి పోలేదు. పక్కనున్న యువకుడు జూమ్ చేసి రాకెట్‌ను పోగొట్టుకుని, మబ్బుల్లో వెతుక్కుంటూనే ఉండిపోయాడు.

నమోదు దొరకనివారు సరస్సు రోడ్డు నుంచో, తమిళనాడు వైపు పళవేర్కాడు తీరం నుంచో చూస్తారు. పొగ చార వరకైతే అవి చాలు. ఆ శబ్దం కావాలంటే గ్యాలరీకే రావాలి.

రాకెట్ కనుమరుగవగానే జనమంతా ఒకేసారి వాహనాల వైపు పరుగెత్తుతారు, తిరుగు దారేమో ఒక్కటే. ఆదిత్య నౌక రాకెట్ నుంచి విడివడడానికి గంట పైనే పట్టింది. ఆ వార్త డ్రైవరు ఫోనులో విన్నప్పుడు మా కారు ఇంకా పార్కింగు దాటలేదు. మామగారు వెనక సీట్లో గాఢంగా నిద్రపోతున్నారు.