25 కిలోల సంచిలో కాస్టిక్ సోడా ఫ్లేక్స్: దిగుమతిదారుల కోసం సమీక్ష

కాస్టిక్ సోడా (సోడియం హైడ్రాక్సైడ్) ఫ్లేక్స్, అంటే పలచటి రేకుల బేరం దాదాపుగా స్వచ్ఛత 98 శాతమా, 99 శాతమా అన్నదాని చుట్టూనే తిరుగుతుంది. 25 టన్నుల కంటైనర్‌లో ఆ ఒక్క శాతం అంటే 250 కిలోలు, పది సంచులు. లోపలి లైనర్ (చెమ్మ ఆపే ప్లాస్టిక్ పొర) సరిగ్గా లేని లాట్ దిగితే గడ్డకట్టే సంచులు అంతకు ఎన్నో రెట్లు ఉంటాయి. కాబట్టి ఈ సరుకులో ముందు చూడాల్సింది సంచిని, ఆ తర్వాతే శాతాన్ని. మంచి సంచిలో వచ్చిన 98, నాసి సంచిలో వచ్చిన 99 కంటే నిస్సందేహంగా మేలు.

గడ్డలో రెండు రకాలున్నాయి. వాటిని వేరుగా గుర్తుపట్టడం వస్తే ఎవరిని అడగాలో తెలుస్తుంది. ఫ్లేక్స్ తయారీలో 50 శాతం లైని, అంటే నీటిలో కరిగి ఉన్న కాస్టిక్‌ని, మరిగించి నీరంతా తీసేస్తారు. మిగిలిన కరుగు సరుకుని చల్లటి డ్రమ్ మీద పలచగా పరిచి బ్లేడుతో గీకుతారు. కాస్టిక్ కరిగే వేడి 318 డిగ్రీలు. ఉత్పత్తి తొందరలో ఫ్లేక్స్ పూర్తిగా చల్లారకుండానే సంచిలో పడితే, పైసంచుల బరువు కింద ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఇలాంటి లాట్‌లో సంచులన్నీ ఒకే తీరుగా, దిండు ఆకారంలో రాయిలా ఉంటాయి. పరీక్షలో మాత్రం కార్బొనేట్ (గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చి కాస్టిక్ మారే పదార్థం) తక్కువే వస్తుంది. ఇది తయారీదారు తప్పు. రెండో రకం చెమ్మ వల్ల వచ్చేది. సంచి మూలనో, మూతి దగ్గరో జిగటగా పెచ్చు కడుతుంది, లోపలంతా పొడిగానే ఉంటుంది, ఆ పెచ్చులో కార్బొనేట్ పెరిగి కనిపిస్తుంది. అక్కడ లైనర్‌నో, కంటైనర్‌నో అనుమానించాలి.

ఇక సంచి. పైన అల్లిన పాలీప్రొపిలీన్, లోపల పాలిథిన్ లైనర్ ఉండటం మామూలే. తేడా అంతా మూతి దగ్గర. లైనర్‌ని విడిగా మెలితిప్పి కట్టాలి, లేదా వేడితో అతికించాలి. పైసంచిని మాత్రమే కుట్టాలి. పని తొందరగా అవుతుందని రెండింటినీ కలిపి కుట్టేస్తే సూది వేసిన ప్రతి రంధ్రమూ గాలికి దారే. గాలిలోని చెమ్మనీ, కార్బన్ డయాక్సైడ్‌నీ కాస్టిక్ పీల్చుకుంటూనే ఉంటుంది. ఆర్డర్ పెట్టే ముందు కుట్టిన మూతి ఫొటో, విప్పిన మూతి ఫొటో రెండూ అడగండి. రెండోది పంపడానికి సప్లయర్ వెనకాడితే అక్కడే ఆగి ఇంకొంచెం ఆరా తీయడం మంచిది.

సంచి మీద ముద్రించిన యూఎన్ గుర్తు (ప్రమాదకర సరుకుల ప్యాకింగ్‌కి ఇచ్చే కోడ్) కూడా చదవాలి. ఘన కాస్టిక్ సోడా యూఎన్ 1823, క్లాస్ 8 (తినివేసే పదార్థాలు), ప్యాకింగ్ గ్రూప్ 2 (మధ్యస్థ ప్రమాదం) కిందికి వస్తుంది. నీరు చొరబడని అల్లిక సంచికి కోడ్ 5హెచ్3. తర్వాతి అక్షరం వై గానీ ఎక్స్ గానీ ఉండాలి, జెడ్ ఉంటే ఈ గ్రూప్‌కి చెల్లదు. పక్కనున్న అంకె సంచితో కలిపి మొత్తం బరువుకి పరిమితి. ఇక్కడే చాలామంది పొరపడతారు: నికరం 25 కిలోలకి సంచి బరువు కలిస్తే 25 దాటుతుంది, కాబట్టి వై25 అని ఉన్న సంచి ఈ సరుకుకి సరిపోదు.

టన్ను సరుకు పట్టే జంబో బ్యాగ్ సంగతేమిటని అడిగేవాళ్లున్నారు. 20 అడుగుల కంటైనర్‌లో వరుసకి పది చొప్పున రెండు వరుసలు, మొత్తం 20 పడతాయి. దించడం తేలిక, మనుషుల చేతికి దుమ్ము తగలడం తక్కువ. అయితే అడుగున గడ్డకడితే కింది గొట్టం మూసుకుపోతుంది, టన్ను సరుకు వేలాడుతుండగా దాన్ని పొడిచి తీయాల్సి వస్తుంది. వచ్చిన కొద్దిరోజుల్లోనే వాడేసే ఫ్యాక్టరీకైతే పర్వాలేదు, నెలల తరబడి నిల్వ పెట్టేవాళ్లకు మేము సిఫారసు చేయం. ముత్యాల్లా గుండ్రంగా ఉండే పెర్ల్స్ ధర ఎక్కువ. కానీ దుమ్ము తక్కువ, డోసింగ్ యంత్రంలో సాఫీగా జారతాయి. కొలిచి వేసే పని ఉన్నవాళ్లకు ఆ ఖర్చు తగినదే.

50 శాతం లై వేరే వ్యాపారం. దాని ధర పొడి టన్ను లెక్కన చెబుతారు, అంటే ఒక పొడి టన్ను కోసం రెండు టన్నుల ద్రవం మోయాలి. సగం రవాణా ఖర్చు నీటికే పోతుంది. సుమారు 12 డిగ్రీల దగ్గర అది గట్టిపడటం మొదలుపెడుతుంది కాబట్టి చలి ప్రాంతాల్లో వేడిచేసే ట్యాంకులు, పైపులు తప్పవు. ట్యాంకర్ ఓడ స్థాయి వాడకం లేనివాళ్లకు ఫ్లేక్సే నయం.

ఇప్పుడు శాతానికి వద్దాం. కొన్ని పత్రాల్లో 76 అని చూసి కంగారుపడతారు. అది సోడియం ఆక్సైడ్ లెక్క. స్వచ్ఛమైన కాస్టిక్ ఆ లెక్కన 77.5 వస్తుంది, కాబట్టి 76 అంటే సుమారు 98 శాతమే. అసలు చిక్కు వేరే ఉంది. 'మొత్తం క్షారం' అని రాసిన అంకెలో కార్బొనేట్ కూడా కలిసిపోతుంది. 3 శాతం కార్బొనేట్ ఉన్న సరుకులో అది 2.26 శాతం కాస్టిక్‌లా లెక్కలోకి చేరుతుంది. సర్టిఫికెట్‌లో సోడియం హైడ్రాక్సైడ్, సోడియం కార్బొనేట్ విడివిడిగా ఉండాలని ఒప్పందంలోనే రాయించండి. ఇనుము విషయంలోనూ జాగ్రత్త: 7 పీపీఎం (పది లక్షల్లో 7 భాగాలు) ఇనుము, 10 పీపీఎం ఫెర్రిక్ ఆక్సైడ్ (ఇనుము ఆక్సైడ్) రెండూ ఒకటే. ఏ లెక్కన ఇచ్చారో చూడకుండా ఇద్దరు సప్లయర్లను పోల్చకూడదు. కాస్టిక్‌ని ఉప్పునీటిలో కరెంటు పంపి తయారుచేస్తారు; మెంబ్రేన్ పద్ధతిలో తయారైన సరుకులో ఉప్పు బాగా తక్కువ, డయాఫ్రమ్ పద్ధతి సరుకులో ఎక్కువ. రేయాన్ లాంటి పనులకు తయారీ పద్ధతి పేరు కూడా ఒప్పందంలో ఉండాలి. మూడోదైన పాదరసం సెల్స్ పద్ధతిని ఆపేయడానికి, పాదరసంపై అంతర్జాతీయ ఒప్పందమైన మినమాటా ఒప్పందం 2025ని గడువుగా పెట్టింది.

లోడింగ్‌కి ముందు తనిఖీ చేసే సర్వేయర్ సేవకి డబ్బు పెట్టొచ్చా? పెట్టొచ్చు, ఏం చేయాలో రాసిస్తేనే. గోదాములో పేర్చిన సరుకు నుంచి నాలుగు సంచులు విప్పి ఇచ్చే సర్టిఫికెట్‌తో ఒరిగేది తక్కువ. కంటైనర్ నింపుతున్నంతసేపూ అక్కడే ఉండాలి, షిప్పింగ్ లైన్ సీల్‌తో పాటు తమ సీల్ కూడా వేయాలి. ఖాళీ కంటైనర్ లోపలికి వెళ్లి తలుపులు మూయించి చూడాలి, ఎక్కడైనా వెలుతురు కనిపిస్తే ఆ కంటైనర్ వెనక్కి పంపాలి. నేల తడిగా ఉన్నా, మేకులు పైకి లేచి ఉన్నా అంతే. నమూనాకి సంచుల సంఖ్య వర్గమూలానికి ఒకటి కలిపే పద్ధతి వాడుకలో ఉంది, 1000 సంచులకు 33 సరిపోతాయి. నమూనా తీసిన వెంటనే ప్లాస్టిక్ సీసాలో నిండా నింపి బిగించాలి. గాజు మూత అతుక్కుపోతుంది, పైగా తెరిచి ఉంచిన ప్రతి నిమిషమూ ఫలితాన్ని మారుస్తుంది. కొన్నవాళ్లకు, అమ్మినవాళ్లకు, తగవు వస్తే తేల్చడానికి మూడో చోటికి ఒక్కో సీసా ఉండాలి. నింపుతుండగా సంచి మీద అరచెయ్యి ఆనించి ఉంచలేనంత వేడి తగిలితే లోడింగ్ ఆపమని కూడా సర్వేయర్‌కి ముందే రాసివ్వండి. గడ్డ సరుకుని నివారించే అవకాశం అక్కడే ఉంది, ఓడ ఎక్కాక లేదు.

ఇదే కంటైనర్‌లో ఖాళీ మిగిలిందని యాసిడ్‌నో, అమ్మోనియం లవణాన్నో కలిపి పంపుతామంటే ఒప్పుకోకండి. అమ్మోనియం లవణంతో కలిస్తే అమ్మోనియా వాయువు పుడుతుంది, నియమాలూ వీల్లేదనే చెబుతాయి.

పత్రాల్లో హెచ్‌ఎస్ కోడ్ (కస్టమ్స్ సరుకుల వర్గీకరణ సంఖ్య) 2815.11 ఉండాలి. 2815.12 ద్రావణానిది. కంటైనర్ మొత్తం బరువు ధ్రువీకరణ 2016 జులై 1 నుంచి తప్పనిసరి. ఎల్‌సీలో (చెల్లింపుకి బ్యాంకు ఇచ్చే హామీ పత్రంలో) పరిమాణాన్ని ఎలా రాస్తామన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది. ఎల్‌సీలకు బ్యాంకులు పాటించే నియమాలైన యూసీపీ 600లోని 30వ ఆర్టికల్ ప్రకారం బరువు మాత్రమే రాస్తే 5 శాతం అటూ ఇటూ చెల్లుతుంది, సంచుల సంఖ్య రాస్తే ఆ వెసులుబాటు ఉండదు. కొనేవాళ్లు '25 కిలోల సంచులు 1000' అని రాయించుకోవడమే మంచిది.

సీఐఎఫ్‌లో (ధరలోనే బీమా, ఓడ రవాణా ఖర్చు కలిపే ఒప్పందంలో) అమ్మేవారు బీమా తీశారు కదా అని నిశ్చింతగా ఉండటం ఈ సరుకులో ప్రమాదం. అంతర్జాతీయ అమ్మకపు షరతుల నియమాలైన ఇన్‌కోటెర్మ్స్ 2020 ప్రకారం వాళ్లు తీయాల్సింది సరుకు బీమాలో కనీస రక్షణ అయిన సి క్లాజు మాత్రమే. కంటైనర్‌లోకి సముద్రపు నీరు వచ్చినా, కప్పు నుంచి చెమట కారినా అది వర్తించదు. అన్నిటికన్నా విస్తృత రక్షణ అయిన ఎ క్లాజు కావాలని విడిగా అడగాలి. ఎ క్లాజులోనూ ప్యాకింగ్ లోపం వల్ల వచ్చిన నష్టానికి పరిహారం రాదు. అందుకే మళ్లీ మళ్లీ సంచి దగ్గరికే వస్తున్నాం.

కంటైనర్ చేరాక సీల్ నంబర్ సరిచూసి, తలుపు తీసిన క్షణం నుంచి ఫొటోలు తీయండి. శుభ్రమైన (లోపాలేవీ రాయని) బిల్ ఆఫ్ లేడింగ్, అంటే షిప్పింగ్ లైన్ ఇచ్చే సరుకు రసీదు, ఉన్నంత మాత్రాన లోపలి సంచులు బాగున్నాయని షిప్పింగ్ లైన్ హామీ ఇచ్చినట్టు కాదు. 'షిప్పర్ లోడ్, కౌంట్ అండ్ సీల్' (నింపింది, లెక్కపెట్టింది, సీల్ వేసింది పంపినవారే) అన్న మాట అందుకే ఉంటుంది. బయటికి కనపడని నష్టానికి, ఓడ రవాణాలో బాధ్యతలు తేల్చే హేగ్–విస్బీ నియమాల కింద డెలివరీ నుంచి 3 రోజుల్లో రాతపూర్వకంగా తెలపాలి, దావాకి గడువు ఏడాది.

గడ్డ సంచులను ఎలాగోలా వాడేద్దామనుకునేవాళ్లు ఒక్కసారి ఆగాలి. సుత్తితో కొడితే ముక్కలు కళ్లలోకి ఎగురుతాయి. కళ్లద్దాలు, ముఖానికి కవచం లేకుండా ఆ పని ఎవరి చేతా చేయించకూడదు. 25 కిలోలు 200 లీటర్ల నీటిలో కరిగితే వేడి సుమారు 30 డిగ్రీలు పెరుగుతుంది. ఫ్లేక్స్‌ని కలుపుతూ కొద్దికొద్దిగా నీటిలో వేస్తే ఆ వేడి అంతటా పరుచుకుంటుంది. గడ్డ అలాగే అడుగుకి జారి, తన చుట్టూ చిక్కటి వేడి పొర కట్టుకుంటుంది. ఆ తర్వాత కదిలిస్తే ఒక్కసారిగా పైకి చిమ్ముతుంది. ఎప్పుడైనా కాస్టిక్‌ని నీటిలో వేయాలి, కాస్టిక్ మీద నీళ్లు పోయకూడదు. తొట్టి అల్యూమినియంది గానీ, జింకు పూతది గానీ కాకూడదు, వాటితో కలిస్తే హైడ్రోజన్ పుడుతుంది. విప్పిన సంచిని ఆ రోజే ఖాళీ చేయాలి. మిగిలితే లైనర్‌లోని గాలంతా నొక్కి తీసి, మెలితిప్పి కట్టి, మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డ్రమ్‌లో ఉంచాలి.