మారుతి 800 సీవీ బూట్ కిట్లు: ముందు పట్టీ చూడండి

ఇంజిన్ శక్తిని ముందు చక్రాలకు చేర్చే షాఫ్టుకు (యాక్సిల్) రెండు చివర్లా వంగుతూ తిరిగే సీవీ జాయింట్లు ఉంటాయి, వాటిని కప్పి లోపలి గ్రీజును నిలిపే మడతల రబ్బరు తొడుగే బూట్. మారుతి 800లో వీల్ సైడ్ యాక్సిల్ బూట్ జారిందంటే చాలాసార్లు రబ్బరు తప్పేమీ ఉండదు. దాన్ని పట్టుకున్న పట్టీ తుప్పుపట్టి తెగడమో, వదులవడమో జరుగుతుంది. రబ్బరు అంచు జాయింటు గాడిలోంచి బయటికొస్తుంది, చక్రం తిరుగుతుంటే గ్రీజు రిమ్ము లోపలి అంచు మీద నల్లటి గీతలా చిమ్ముతుంది. అందుకే సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో దొరికే కిట్లలో ఏది కొనాలో ఇక్కడ పట్టీ నుంచి మొదలుపెట్టి చెబుతున్నాం. 1983లో వచ్చిన మొదటి మోడల్ ఎస్‌ఎస్80కైనా, 1986 తర్వాతి 800కైనా ఇదే లెక్క.

కొనే ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది. స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకి తిప్పి, బూట్ మడతలను వేళ్లతో విడదీసి లోతుల్లో పగుళ్లున్నాయేమో చూడండి. పగులు ఉంటే బూటే మార్చాలి. లేకపోతే జాయింటు లోపలి గ్రీజు కొంచెం తీసి రెండు వేళ్ల మధ్య రుద్దండి. మెత్తగా జారితే తుడిచి, కొత్త గ్రీజు కొంత చేర్చి, పట్టీ వేస్తే సరిపోతుంది. ఇసుకలా గరగరలాడితే మాత్రం లోపలున్నదంతా తీసి కడగాలి. మలుపులో టకటకమని శబ్దం ఇప్పటికే వస్తుంటే జాయింటు లోపలి ఉక్కు బాల్స్ నడిచే దారులు అరిగిపోయినట్టే. అలాంటి జాయింటుకు ఎంత మంచి బూట్ వేసినా డబ్బు వృథా.

పట్టీలు మూడు రకాలుగా వస్తున్నాయి. మొదటిది మడిచి బిగించే స్టీలు పట్టీ. షాఫ్టు కారులో ఉండగానే చుట్టూ తిప్పి వెయ్యొచ్చు, కాబట్టి జారిన బూట్‌ను ఎక్కించడానికి ఇదే వీలు. దీనికి ఒక దిశ ఉంది: కారు ముందుకు పోయేటప్పుడు షాఫ్టు తిరిగే దిశకు ఎదురుగా మడత పడాలి. అంటే ఎడమ చక్రానికీ కుడి చక్రానికీ పట్టీ ఒకేలా వెయ్యకూడదు. చాలా షెడ్లలో ఇది పట్టించుకోరు. రెండోది నొక్కి బిగించే చెవి ఉన్న క్లాంపు. ఇందులో కొక్కెంతో తెరుచుకునేది కొనండి. మూసిన రింగులా వచ్చేదైతే షాఫ్టు విప్పి చివర నుంచి ఎక్కించక తప్పదు. చెవిని నొక్కడానికి దానికోసం చేసిన పిన్సరే వాడాలి. కటింగ్ ప్లేయరుతో నొక్కితే చెవి మూలలో గాటు పడి, కొన్నాళ్లకు అక్కడే తెగుతుంది. మూడోది స్క్రూతో బిగించే హోస్ క్లిప్పు. ఇది వద్దు. స్క్రూ ఉన్నచోట అంచు మీద ఒత్తిడి సమానంగా పడదు, దాని బరువు ఒకే పక్క తిరుగుతుంది, ఎత్తుగా ఉండటంతో పక్కనున్న భాగాలకు తగిలే ప్రమాదం కూడా ఉంది. ప్లాస్టిక్ టై అయితే షెడ్డు దాకా చేరడానికి పనికొస్తుంది, అంతే.

ఇక బూట్ల సంగతి. కంపెనీ తరహా నియోప్రిన్ (ఒక రకం సింథటిక్ రబ్బరు) బూట్, దానితో గ్రీజు, రెండు కొలతల పట్టీలు వచ్చే కిట్‌కే మా మొదటి ఓటు. రబ్బరు మెత్తగా ఉండి గాడిని బాగా పట్టుకుంటుంది, మామూలు స్టీలు పట్టీ చాలు. గట్టి ప్లాస్టిక్‌లా ఉండే బూట్ ఎక్కువకాలం మన్నే మాట నిజమే, కానీ దాన్ని కుదించాలంటే బలమైన క్లాంపు, దానికి తగ్గ పనిముట్టు కావాలి. సన్నటి పట్టీ వేస్తే దాని కింద బూట్ తిరిగి జారుతుంది. ఎస్‌ఎస్80 యజమానులకు ఇంకో మాట: పాత స్టాకు అసలు భాగం సీలు కవరులో దొరికిందని సంబరపడొద్దు. రబ్బరు అలమరలో ఉన్నా గట్టిపడుతుంది. కౌంటరు దగ్గరే ఒక మడతను వెనక్కి వంచి చూడండి, సన్నటి గీతలు కనిపిస్తే తిరిగిచ్చేయండి.

నియోప్రిన్ కిట్‌తో ఇబ్బంది వేసే పద్ధతిలోనే ఉంది. సుజుకీ పద్ధతిలో వీల్ సైడ్ జాయింటును షాఫ్టు నుంచి ఊడదీయరు. గేర్‌బాక్స్ సైడ్ జాయింటు విప్పి, ఆ బూట్ తీసి, అటువైపు నుంచి వీల్ సైడ్ బూట్‌ను తోస్తారు. అంటే ఒక బూట్ కోసం వెళ్తే గేర్‌బాక్స్ వైపు పట్టీలు, గ్రీజు, సర్‌క్లిప్పు (జాయింటును షాఫ్టు మీద నిలిపే స్ప్రింగు రింగు) కూడా కొని పెట్టుకోవాలి. షాఫ్టు లాగగానే గేరాయిల్ కారుతుంది, కింద ట్రే పెట్టి, తర్వాత లెవెల్ చూసి నింపాలి. షాఫ్టు పళ్ల మీద టేపు చుట్టకపోతే కొత్త బూట్ చిన్న అంచు అక్కడే కోసుకుపోతుంది.

అంత పని వద్దనుకునేవాళ్ల కోసం సాగే బూట్ ఉంది. చక్రం బిగించే హబ్ నుంచి షాఫ్టు బయటికి లాగి, కోన్ సాయంతో జాయింటు మీదుగానే ఎక్కించేస్తారు. అంచులో మెట్లు మెట్లుగా కొలతలుంటాయి, గాడికి సరిపోయే మెట్టు దగ్గర కొయ్యాలి. ఒక మెట్టు ఎక్కువ కోస్తే బూట్ పాడైనట్టే, ఏ పట్టీ దాన్ని నిలపలేదు. జాగ్రత్తగా కోసేవాళ్లకు ఇది రెండో స్థానంలో ఉంటుంది. జిగురుతో అతికించే చీలిక బూట్ జోలికి వెళ్లొద్దు. అతుకు మీద గ్రీజు చుక్క పడినా విడిపోతుంది, కారు కింద పడుకుని ఆ అతుకును పూర్తిగా శుభ్రంగా ఉంచడం దాదాపు అసాధ్యం.

ఏ కిట్ కొన్నా నిలబడేదీ జారేదీ గాడి దగ్గర తేలుతుంది. జాయింటు మీది గాడిని, రబ్బరు అంచు లోపలి వైపును గ్రీజు ఆనవాలు లేకుండా తుడవాలి. లోహానికి బ్రేక్ క్లీనర్ వాడొచ్చు, రబ్బరుకు సబ్బునీళ్లు చాలు. పెట్రోలు తగిలితే రబ్బరు ఉబ్బి అంచు వదులవుతుంది. జాయింటును కిరోసిన్‌తో కడిగితే పూర్తిగా ఆరబెట్టాకే గ్రీజు నింపండి, లేకపోతే కొత్త గ్రీజు పల్చబడుతుంది. గ్రీజు మాలిబ్డినమ్ డైసల్ఫైడ్ కలిసిన లిథియం రకమే కావాలి. కిట్‌లో రెండు ప్యాకెట్లుంటే ఏది ఏ జాయింటుదో చూసుకుని వెయ్యండి. ముందు బాల్స్ మధ్యకు దట్టంగా ఎక్కించి, మిగిలింది బూట్‌లో పెట్టండి. మంచిదే కదా అని డబ్బాలోంచి ఇంకా కూరితే ఆ ఒత్తిడికే పెద్ద అంచు మళ్లీ గాడి దాటుతుంది.

పెద్ద పట్టీ బిగించాక, చిన్న అంచు కింద మొన లేని స్క్రూడ్రైవరు దూర్చి లోపలి గాలి వదలాలి. ఆ సమయంలో జాయింటు దాదాపు వంపు లేకుండా తిన్నగా, మడతలు మెలిపడకుండా ఉండాలి. గాలి బిగిసిపోతే వేడికి బూట్ బెలూనులా ఉబ్బి జారుతుంది. బాగా నొక్కేసి గాలంతా తీసేస్తే మడతలు లోపలికి ముడుచుకుని ఒకదానితో ఒకటి రాసుకుంటాయి. తర్వాత చిన్న పట్టీ వెయ్యండి. బిగించిన పట్టీ వేళ్లతో తిప్పితే కదలకూడదు. షాఫ్టు హబ్ నుంచి విప్పి ఉంటే హబ్ నట్టును మాన్యువల్‌లో ఉన్న టార్క్ (బిగింపు బలం) మేరకు బిగించి, నట్టు ఊడకుండా ఆపే కాటర్ పిన్ను కొత్తదే వెయ్యాలి.

కౌంటరు దగ్గర బూట్ ఒక్కటే అడగకండి. గ్రీజు ప్యాకెట్, పెద్ద పట్టీ, చిన్న పట్టీ, సర్‌క్లిప్పు ఉన్న కిట్ కావాలని అడిగి, పాత పట్టీని పక్కన పెట్టి వెడల్పు పోల్చి చూసుకోండి. బిగించిన తర్వాత మొదటి దూర ప్రయాణం చేసి వచ్చాక రిమ్ము లోపలి వైపు టార్చి వేసి, కొత్తగా చిమ్మిన గీత ఉందేమో చూడాలి.