సంగమేశ్వరం వెళ్లేముందు శ్రీశైలం డ్యాంలో నీళ్లెన్నో చూసుకోండి

కర్నూలులో కారు మాట్లాడుకుంటే సంగమేశ్వరంలోని సప్తనదీ సంగమం (ఏడు నదులు కలిసే చోటు) చూపిస్తామనేవాళ్లు ఏడాది పొడుగునా దొరుకుతారు. అక్టోబరులో అడిగినా సరేనంటారు. అక్టోబరులో అక్కడ గుడి కనబడదు, కృష్ణమ్మే ఉంటుంది. రానుపోను 4,200 తీసుకుని, ఒడ్డున దింపి, "గుడి ఆ నీళ్ల కిందే ఉంది సార్" అని వేలు చూపించిన డ్రైవరు మీద కోపమే ఇది రాయిస్తోంది. వెంట వచ్చిన పెద్దమ్మ నీళ్లకే దండం పెట్టుకుని కారెక్కింది. కర్నూలు చేరేదాకా నోరు విప్పలేదు.

అసలు లెక్క ఇది. శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. అది దాదాపు 840 అడుగులకు దిగితేగానీ సంగమేశ్వరుడి గుడి బయటపడదు. మొదట శిఖరం, తర్వాత మండపం, చివరికి గర్భగుడి. ఎగువన వానలు పడి జులై, ఆగస్టుల్లో వరద వస్తే మళ్లీ మునక. శివరాత్రికి తేలుతుందా అంటే ఆ ఏడు నీళ్లెంత వాడారన్నదాన్ని బట్టే. రోజువారీ మట్టం పేపర్ల జిల్లా పేజీలో వస్తుంది. అది చూడకుండా ముహూర్తం పెట్టుకోవద్దు. ఏప్రిల్, మే నెలలు మేలు. ఎండ మాత్రం చంపేస్తుంది, తొమ్మిదిలోపు గుడి దగ్గరుండాలి.

గుడి మునిగిన నెలల్లో ఎగువన ఒడ్డు మీదున్న ఆలయంలో పూజలు జరుగుతాయి. ఆ ముక్క డ్రైవరు చెప్పి ఉంటే పెద్దమ్మ అక్కడైనా కొబ్బరికాయ కొట్టుకునేది.

నీళ్లు తగ్గాక దిగేవాళ్లకు అసలు చిక్కు ఒండ్రుమట్టి. పైన నెర్రెలిచ్చి గట్టిగా కనిపిస్తుంది, కాలు పెడితే మోకాలి దాకా కూరుకుపోతుంది. జనం నడిచిన బాట వదలొద్దు. చేతికర్ర ఉంటే ముందు గుచ్చి చూసి అడుగెయ్యండి. బూట్లు దండగ, పట్టీ ఉన్న చెప్పులు చాలు. స్నానానికి రాతి మెట్ల మీది పాచి ఇంకా ప్రమాదం. మెట్టు మీద కూర్చుని చెంబుతో పోసుకోవడమే పెద్దవాళ్లకు క్షేమం. ఆడవాళ్లు బట్టలు మార్చుకోడానికి చాటు లేదు, రెండు దుప్పట్లు, నాలుగు పిన్నులు వెంట ఉండాలి.

లోపల లింగం రాయి కాదు, వేపమాను. ధర్మరాజు ప్రతిష్ఠకు కాశీ నుంచి లింగం తేవడానికి వెళ్లిన భీముడు ఆలస్యం చేస్తే, ముహూర్తం దాటకుండా వేపదారువుతో చేసి నిలిపారని స్థలపురాణం. అలిగిన భీముణ్ణి బుజ్జగించడానికి ముందు భీమలింగాన్ని చూసి, తర్వాతే సంగమేశ్వరుణ్ణి చూడాలన్న ఆచారం ఉంది. ఏటా నెలల తరబడి నీళ్లలో నానే కొయ్య అది.

ఏడు పాయలు కళ్లారా చూద్దామనుకుంటే నిరాశే. తుంగ, భద్ర కర్ణాటకలోని కూడ్లి దగ్గరే ఒకటవుతాయి. వేణి, మలాపహారిణి, భీమ ఎగువనే కృష్ణలో కలిసి వస్తాయి. నల్లమల నుంచి దిగే భవనాశి ఒక్కటే ఇక్కడి పిల్ల. పిల్ల అనకూడదేమో, ఏడింటిలో అదొక్కటే మగనది అంటారు.

పురోహితుణ్ణి పెట్టుకుంటే సంకల్పం శ్రద్ధగా వినండి. ఈ చోటు శ్రీశైలానికి పడమర, "శ్రీశైలస్య పశ్చిమ ప్రదేశే" అనాలి. వేరే ఊరినుంచి వచ్చినాయన అలవాటుగా ఈశాన్యమంటే ఆపి చెప్పండి. 300 దక్షిణ ఇచ్చాం, ఆ మాత్రం అడగొచ్చు. "గంగేచ యమునేచైవ" శ్లోకంలో కృష్ణ పేరూ లేదు, తుంగభద్ర పేరూ లేదు. అయితే ఏం, ఆ నదులన్నిటినీ ఈ నీళ్లలోకి రమ్మని పిలవడానికే కదా ఆ శ్లోకం!

బస్సులో వెళ్లేవాళ్లు నందికొట్కూరు మీదుగా ఆత్మకూరు చేరి, అక్కడ ఆటో మాట్లాడుకోవాలి. 900 అడిగి 700కి దిగాడు, వెయిటింగుతో కలిపి. వెయిటింగు మాట ముందే తేల్చుకోకపోతే వచ్చేటప్పుడు గొడవే.

ఇదే ప్రయాణంలో మంత్రాలయం కూడా చూశాం, హాయిగా అయిపోయింది, చెప్పడానికేం లేదు. ఆలంపూరు మాత్రం వదలొద్దు, తుంగభద్ర దాటితే చాలు. అక్కడున్న సంగమేశ్వరాలయం వేరే గుడి, కూడవెల్లి అనే ఊరిది, ముంపులో పోకుండా రాయి రాయీ విప్పి తెచ్చి నిలబెట్టింది.

కర్నూలు ఊళ్లోనే తుంగభద్రలో మునుగుదామంటే హంద్రీ నది కలిసే చోటికి ఎగువనే మునగండి. దిగువన ఊరి మురుగంతా ఉంటుంది. బస్టాండు దగ్గర లాడ్జిలో రూముకు 1,100 పెట్టాం. గీజరు ఉంది, వేడినీళ్లు లేవు. అడిగితే బక్కెట్టుకు 30. నందికొట్కూరులో ఉగ్గాని, బజ్జీ ప్లేటు 40 రూపాయలు; ఎనిమిది దాటితే అయిపోతుంది.