భీమిలి చర్చి చూడాలంటే క్యాబ్ ప్యాకేజీ వద్దు

విశాఖలో మేం క్యాబ్ మాట్లాడుకున్నది 2,600 రూపాయలకు. కైలాసగిరి, తొట్లకొండ, భీమిలి చూపించి మళ్లీ రూమ్ దగ్గర దించాలి. తొట్లకొండ దిగగానే డ్రైవర్ మాట మార్చాడు. "భీమిలి అంటే బీచ్ వరకే సార్, ఊళ్లోకైతే ఇంకో 600." ఏజెంటుకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఎక్కేముందే ఎందుకు చెప్పలేదని అన్నయ్య గట్టిగా అడిగాడు. జవాబు లేదు. వదిన మాత్రం చర్చి చూడందే వెనక్కి రానంది. ఆవిడ డ్రాయింగ్ టీచర్. విశాఖకు బయల్దేరిందే సెయింట్ పీటర్స్ చర్చిలోని రంగుటద్దాల కోసం. చేసేది లేక 600 ఇచ్చాం.

చర్చి తలుపులు వేసి ఉన్నాయి. అక్కడున్న పెద్దాయనను అడిగితే "రండమ్మా, ఎండ ఉన్నప్పుడే చూడాలి" అంటూ తీశారు. డచ్చివాళ్లు 1825లో భీమిలిని ఇంగ్లీషువాళ్లకు వదిలి వెళ్లిన చాలా ఏళ్లకు, 1864లో కట్టిన చర్చి ఇది. లోపల, శిలువ మీద క్రీస్తు ఉన్న అద్దాల బొమ్మ. ఎండ పడి ఆ రంగులు వెలుగుతుంటే నాకు నోట మాట రాలేదు. రంగు పైన పూసింది కాదని, గాజు కరిగించేటప్పుడే కలుపుతారని వదిన చెప్పింది. నీలానికి కోబాల్ట్ వేస్తారట. ముక్కలు కోసి సీసం పట్టీలతో అతుకుతారు. ముఖాలు, బట్టల మడతలు మాత్రం గీసి కొలిమిలో కాలుస్తారు. ఆవిడ చెబుతూ ఉండగానే బయట హారన్. పది నిమిషాలు కూడా కాలేదు! తిరుగు దారంతా వదిన ఎవరితోనూ మాట్లాడలేదు.

మర్నాడు బీచ్ రోడ్డులో పాత డచ్ బంగళాలోని విశాఖ మ్యూజియం చూశాం. 1942లో జపాన్ వాళ్లు ఊరి మీద వేసిన బాంబు అన్నయ్యకు తెగ నచ్చింది.

అక్కణ్నుంచి మళ్లీ భీమిలికే, ఈసారి 900కె బస్సులో. ముగ్గురికీ కలిపి 120 రూపాయలు. సముద్రం పక్కనుంచే వెళ్తుంది, కిటికీ సీటు దొరికితే ఇంకేం కావాలి! చర్చిలో వదినకు తృప్తి తీరేదాకా కూర్చున్నాం. డచ్చివాళ్ల పాత సమాధులు కూడా నింపాదిగా చూశాం.

ఆదివారం ఉదయం ప్రార్థన ఉంటుంది, బొమ్మల కోసమైతే వేరే రోజు వెళ్లండి. పెద్దవాళ్లుండి క్యాబ్ తప్పదనుకుంటే, ఊళ్లో ఎక్కడెక్కడ ఆపాలో, ఎంతసేపు ఆగాలో వాట్సాప్‌లో రాయించుకున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి.