బిట్స్ హైదరాబాదా, ఉస్మానియా ఇంజినీరింగా?

రెండు కాలేజీలూ హైదరాబాద్‌లో, దాని చుట్టుపక్కలే. ఖర్చులో మాత్రం పొంతనే లేదు. శామీర్‌పేట వైపు ఉన్న బిట్స్ క్యాంపస్‌లో నాలుగేళ్లకు హాస్టల్‌తో కలిపి పాతిక లక్షలు దాటుతుంది. ఉస్మానియా (ఓయూ)లో రెగ్యులర్ సీటుకు అందులో చిన్న భాగం చాలు. అర్హత ఉంటే ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా వస్తుంది.

ఆ డబ్బుకి బిట్స్ ఏమిస్తుంది? హాజరు పట్టింపు లేని స్వేచ్ఛ, చివరి ఏడాదిలో ఒక సెమిస్టర్ మొత్తం కంపెనీలో పనిచేసే ప్రాక్టీస్ స్కూల్, దేశమంతటి నుంచి వచ్చిన తోటి విద్యార్థులు. నా లెక్కలో ప్రాక్టీస్ స్కూలే అసలు సరుకు. ఈత కొలను, పచ్చిక మైదానాలు చూసి మురిసిపోయేది అమ్మానాన్నలే!

ఓయూ కాలేజీ 1929 నాటిది. 2007లో సాఫ్ట్‌వేర్ కంపెనీ అడోబీకి అధిపతి అయిన శంతను నారాయణ్ చదివిందిక్కడే. ల్యాబులు పాతవైనా పేరు పాతబడలేదు. కాకపోతే కంప్యూటర్ సైన్స్ (సీఎస్‌ఈ) కావాలంటే రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్‌లో బాగా ముందు ర్యాంకు రావాలి.

ఇక అప్పు సంగతి. 20 లక్షలు 10 శాతం వడ్డీకి, పదేళ్ల వాయిదాలకు తీసుకుంటే నెలకు దాదాపు 26,400 కట్టాలి. చదువుకునే కాలంలో పెరిగే వడ్డీ దీనికి అదనం. పొలం అమ్మకుండా, చెల్లెలి చదువు ఆపకుండా ఇది కట్టగలిగే ఇంట్లో, బిట్స్‌లో కంప్యూటర్ సైన్స్ వస్తే నేను సరే అంటాను. మెరిట్ స్కాలర్‌షిప్ దొరికితే ఇంకా మంచిది. ఏదో ఒక బ్రాంచి చాలు, పేరుంటే చాలు అనుకుంటే మాత్రం ఓయూ సీటు వదలొద్దు.