విశాఖలో కల్ట్ చిత్రోత్సవం: మంచి ఎంపిక, చాలని ధ్వని

సిరిపురం ప్రాంతంలోని ఒక సభామందిరంలో, నగరానికి చెందిన సినిమా అభిమానుల బృందం నిర్వహించిన కల్ట్ (మొదట ఎక్కువమందికి పట్టకపోయినా, కొందరు అభిమానులు మళ్లీ మళ్లీ చూసి నిలబెట్టుకున్న సినిమాల) చిత్రోత్సవంలో నేను చూసిన సినిమాలు చాలావరకు వెతికితే ఫోన్‌లోనే దొరుకుతాయి. అందువల్ల ఇటువంటి ఉత్సవాన్ని జాబితాను బట్టి మాత్రమే అంచనా వేయడం సరికాదు. పెద్ద తెర, ధ్వని, పక్కన కూర్చున్న ప్రేక్షకులు కలిసి ఇంట్లో దొరకని అనుభవాన్ని ఏ మేరకు ఇవ్వగలిగారన్నదే అసలైన కొలమానం. ఆ లెక్కన ఈ ఉత్సవం నన్ను చాలావరకు సంతోషపెట్టింది. ఒక ముఖ్యమైన సినిమా విషయంలో మాత్రం బాగా నిరాశపరచింది.

ప్రారంభానికి 'ఖలేజా'ను ఎంచుకోవడం తెలివైన నిర్ణయం. 2010లో విడుదలైనప్పుడు ఆశించిన వసూళ్లు రాని ఈ త్రివిక్రమ్ చిత్రాన్ని ఆ తరువాతి సంవత్సరాల్లో టీవీ ముందు కూర్చున్న ప్రేక్షకులే మళ్లీ మళ్లీ చూసి నిలబెట్టారు. ఒకప్పుడు న్యూయార్క్‌లోని ఎల్గిన్ థియేటర్‌లో 1970 డిసెంబరు నుంచి అర్ధరాత్రి ఆటలుగా నడిచిన 'ఎల్ టోపో' అనే మెక్సికన్ చిత్రానికి ఆదరణ ఎలా నోటి మాటగా పెరిగిందో, మన దగ్గర ఆ పని మధ్యాహ్నపు టీవీ ప్రసారాలు చేశాయని చెప్పవచ్చు. విశ్వవిద్యాలయ విద్యార్థులు మహేష్‌బాబు సంభాషణలను తెరకంటే అరక్షణం ముందే పలుకుతుంటే, వెనుక వరుసలోని పెద్దవాళ్లు విసుక్కోకుండా వాళ్లతో కలిసి నవ్వారు. జగదాంబ కూడలి పరిసరాల థియేటర్లలో ఈలల మధ్య సినిమాలు చూసి పెరిగిన ఊరికి ఇది సహజమే.

'మరో చరిత్ర' విషయంలో నిర్వాహకులతో నాకు అభిప్రాయభేదం ఉంది. బాలచందర్ 1978లో తీసిన ఈ సినిమా విడుదలైనప్పుడే ఘనవిజయం సాధించింది. తమిళంలోకి అనువదించకుండానే మద్రాసులో ఏడాదికి పైగా ఆడింది, 1981లో హిందీలోనూ వచ్చింది. అంతటి ప్రజాదరణ పొందినదాన్ని కల్ట్ అనడం, నిజంగా ఆదరణకు నోచుకోక మిగిలిపోయిన మరొక సినిమాకు దక్కవలసిన చోటును తీసుకోవడమే అని నా నమ్మకం. అయినా ఈ ప్రదర్శనను వదులుకోవలసి వస్తే నేను చాలా బాధపడి ఉండేవాణ్ణి. రంగుల చిత్రాలు మామూలైపోయిన కాలంలో బాలచందర్ పట్టుబట్టి నలుపు తెలుపుల్లో తీసిన మన సముద్రతీరాన్ని, భీమిలిని ఈ ఊరివారి మధ్య కూర్చొని చూడడం మరే నగరంలోనూ సాధ్యం కాదు. ఒక్కొక్క చోటు తెరమీదికి వచ్చినప్పుడల్లా అది ఇప్పుడు ఎలా ఉందో పక్కవారికి చెప్పే గొంతులు హాలంతా వినిపించాయి. లిఫ్ట్‌లో కమల్‌హాసన్ సినిమా పేర్లనే పాటగా కట్టి సరితను బుజ్జగించే సన్నివేశంలో, ఆ పేర్లు ఎరిగిన తరం ముందుగా నవ్వితే, మిగిలినవారు వాళ్లను చూసి నవ్వారు.

నా నిరాశకు కారణం 'ఇరేజర్‌హెడ్'. డేవిడ్ లించ్ సంవత్సరాల తరబడి శ్రమించి 1977లో విడుదల చేసిన ఈ సినిమాకు ప్రాణం దాని శబ్దం. శబ్ద రూపకర్త అలాన్ స్ప్లెట్‌తో కలిసి ఆయన రూపొందించిన ఆ ఆగని యంత్రాల హోరే కథానాయకుడి భయాన్ని మనలోకి ఎక్కిస్తుంది. ఓడరేవు, ఉక్కు కర్మాగారం ఉన్న ఊరి ప్రేక్షకులకు ఆ హోరు పరాయిదిగా తోచదని ఆశపడి వెళ్లాను. కానీ ఉపన్యాసాల కోసం అమర్చిన స్పీకర్లలో మంద్రమైన ధ్వనులు దాదాపు మాయమయ్యాయి. మిగిలినవి ఏసీ చప్పుడులో కలిసిపోయాయి. సగంలో లేచి వెళ్లినవారిని నేను తప్పుపట్టలేను, ఎందుకంటే వారు చూసినది బొమ్మను మాత్రమే. స్పీకర్లను ఒక్క పూటకు అద్దెకు తెచ్చినా ఈ నష్టం తప్పేది.

1988లో పూర్తయి, 2014లో గానీ థియేటర్లకు రాని కమల్ స్వరూప్ చిత్రం 'ఓం దర్-బ-దర్'కు తెలుగు ఉపశీర్షికలు లేకపోవడం మరో లోటు. హిందీ మాటల విన్యాసమే ఆధారమైన సినిమాను ఇంగ్లీషు అక్షరాల వెంట పరుగెత్తుతూ చూడవలసి వచ్చింది.

ప్రదర్శనల తరువాత జరిగిన చర్చలు మాత్రం ప్రవేశ రుసుముకు మించిన విలువ ఇచ్చాయి. వక్తలు కథను తిరిగి చెప్పకుండా, ఏ షాట్ ఎందుకు అక్కడ ఉందో మాట్లాడారు. ప్రేక్షకుల ప్రశ్నలకు తగినంత సమయం ఇచ్చారు. చివరి ఆట మాత్రం భీమిలి, గాజువాక వైపు వెళ్లేవారు బస్సు అందుకోగలిగేలా ఇంకొంచెం ముందుగా ముగిస్తే బాగుంటుంది. తెలుగు చిత్రాల కోసమైతే ఈ ఉత్సవానికి నిస్సంకోచంగా వెళ్లవచ్చు. శబ్దమే ప్రధానమైన సినిమాలకు వెళ్లేవారు మాత్రం ధ్వని ఏర్పాట్ల గురించి ముందే అడిగి టికెట్ తీసుకోవడం మేలు.