లింక్డ్‌ఇన్‌లో క్లయింట్లను తెచ్చిపెడతామనే ప్యాకేజీ కొనకండి: వైజాగ్ జూనియర్ అడ్వకేట్లకు హెచ్చరిక

విశాఖలో కొత్తగా ప్రాక్టీసు మొదలుపెట్టిన వాళ్ల కోసం, ముఖ్యంగా సీనియర్ ఆఫీసు నుంచి బయటికొచ్చి సొంతంగా బోర్డు పెట్టుకున్న వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ‘లాయర్లకు లింక్డ్‌ఇన్ గ్రోత్ ప్యాకేజీ’ అంటూ ఫోన్ వస్తే డబ్బు కట్టకండి. నేను కట్టాను. 30 వేలు పోయాయి. డబ్బు సంగతి అలా ఉంచండి, లాయరుగా పనిచేయడానికి ఉన్న నా సన్నదు మీదికే వచ్చేది.

నాకు ఫోన్ చేసింది మన ఊళ్లోనే ఆఫీసున్న ఒక డిజిటల్ మార్కెటింగ్ సంస్థ. ఆరు నెలలకు 45 వేలు, నెలకు 15 మంది క్లయింట్లు గ్యారంటీ అన్నారు. అప్పటికి నా చేతిలో ఉన్నవి రెండు చెక్ బౌన్స్ కేసులు, ఒక మెయింటెనెన్స్ (భరణం) పిటిషన్. ఆఫీసు అద్దె టెన్షన్ ఒకటి. 30 వేలు అడ్వాన్స్ పంపి, లాగిన్ పాస్‌వర్డ్ కూడా వాళ్ల చేతిలో పెట్టాను.

ముందు ఫొటోలన్నారు. ఆదివారం పొద్దున్నే ఆర్కే బీచ్‌కి రమ్మన్నారు, గౌను, మెడకు కట్టే తెల్ల బ్యాండ్లు తెచ్చుకోమన్నారు. ప్రత్యేక సందర్భాల్లో తప్ప, కోర్టు బయట నలుగురిలో అవి వేసుకోకూడదని, లాయర్ల వృత్తిని నియంత్రించే బార్ కౌన్సిల్ నియమం ఉంది. ఆ మాట అంటే ‘అందరూ ఇలాగే తీయించుకుంటున్నారు మేడమ్’ అన్నారు. నేను అక్కడే ఆగిపోవాల్సింది.

మూడు వారాల తర్వాత మా సీనియర్ గారు బార్ అసోసియేషన్ హాల్లో నన్ను పక్కకి పిలిచి తన ఫోన్ చూపించారు. నా ఫొటో కింద ‘విశాఖ నంబర్ వన్ సివిల్ లాయర్, 95 శాతం కేసుల్లో గెలుపు’ అని ఉంది. దాని కింద ఎవరో రాసిన సిఫారసు: ‘భీమిలిలో మా స్థలం కేసు మూడు నెలల్లో గెలిపించారు.’ ఆ మనిషిని నేను ఎన్నడూ చూడలేదు. భీమిలి కేసు నా దగ్గర ఒక్కటీ లేదు. అయినా స్థలం ఎవరిదో తేల్చే టైటిల్ సూట్‌లో మూడు నెలలంటే అవతలి వాళ్లు తమ జవాబు (రిటన్ స్టేట్‌మెంట్) వేసేసరికే అయిపోతాయి, అది మన కోర్టు గుమాస్తాలకు కూడా తెలుసు. సార్ ఇంకొకటి తీశారు. గాజువాకలో వ్యాపారం చేసుకునే, సార్ పాత క్లయింట్ ఒకాయనకి నా పేరుతో వెళ్లిన మెసేజ్ అది. ‘మీకు కోర్టు కేసు ఏదైనా ఉందా? మొదటి కన్సల్టేషన్ ఉచితం.’

‘ఏటమ్మా ఇది? నా క్లయింట్‌నే అడిగావా?’ అన్నారు, గొంతు పెంచకుండానే. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 36వ రూల్ మనందరం చదివిందే. అడ్వకేట్ నేరుగా గానీ, మరొకరి ద్వారా గానీ పని అడగకూడదు, ప్రకటన ఇచ్చుకోకూడదు. ‘నేను రాయలేదు, ఏజెన్సీ రాసింది’ అంటే ఆ ‘మరొకరి ద్వారా’ దగ్గరే దొరికిపోతాం. అడ్వకేట్స్ యాక్ట్ 35వ సెక్షన్ కింద మందలింపు దగ్గర్నుంచి లాయర్ల జాబితా (రోల్) నుంచి పేరు తీసేయడం దాకా శిక్ష ఉంది. ఇదేదో పుస్తకాల్లో ఉండిపోయిన రూల్ కాదు. ఆన్‌లైన్ సంస్థల ద్వారా పని పట్టే లాయర్లపై చర్యలు తీసుకోమని 2024 జూలైలో మద్రాస్ హైకోర్టు బార్ కౌన్సిల్‌ను ఆదేశించింది. 2025 మార్చిలో సోషల్ మీడియా ప్రచారాల మీద కౌన్సిల్ స్వయంగా హెచ్చరిక ఇచ్చింది.

ఆ రోజు సాయంత్రమే పాస్‌వర్డ్ మార్చి, అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్ చేశాను. స్క్రీన్‌షాట్లు తీసుకున్నాక పోస్టులు తొలగించాను. రెండు రోజులకు లింక్డ్‌ఇన్ నా ఖాతాను ఆపేసి గుర్తింపు కార్డు అడిగింది. ఆ సంస్థ వాళ్లు మెసేజ్‌లు బాట్‌తో, అంటే తనంతట తానే పంపే ప్రోగ్రామ్‌తో పంపారు. బాట్లు వాడటం, పాస్‌వర్డ్ మరొకరికి ఇవ్వడం రెండూ లింక్డ్‌ఇన్ షరతులకు విరుద్ధమే. ఆ సంస్థను డబ్బు అడిగితే ‘సర్వీస్ మొదలైంది, రీఫండ్ లేదు’ అన్నారు. జీఎస్టీ బిల్లు ఇవ్వమంటే జవాబే లేదు. రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపాను, ఇంకా పైసా రాలేదు.

లింక్డ్‌ఇన్‌లో అసలు ఉండొద్దని నేను అనను. 36వ రూల్‌కి 2008లో చేసిన సవరణ వెబ్‌సైట్‌లో పేరు, చిరునామా, ఫోన్, ఎన్‌రోల్‌మెంట్ నంబరు, చదువు, ప్రాక్టీసు చేసే విభాగాలు పెట్టుకోనిచ్చింది. నా ప్రొఫైల్‌లో ఇప్పుడు అంతవరకే ఉంచాను. చెక్ తిరిగొచ్చిందని బ్యాంకు చెప్పిన 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి, అది అందాక డబ్బు కట్టడానికి అవతలి వాళ్లకు 15 రోజులుంటాయి అని ఈమధ్య నేనే తెలుగులో ఒక చిన్న పోస్టు రాశాను. ‘నన్ను సంప్రదించండి’ అనే మాట ఎక్కడా పెట్టలేదు. చదివినవాళ్లు తక్కువే, కానీ అందులో ప్రతి అక్షరం నాది.

అదే సంస్థ ఇప్పుడు కొత్తగా ఎన్‌రోల్ అయిన జూనియర్లకు ఫోన్లు చేస్తోందని విన్నాను. మీకూ వస్తే ‘36వ రూల్ సంగతేంటి’ అని అడగండి. నెలకు ఇంతమంది క్లయింట్లని చెప్పినా, పాస్‌వర్డ్ అడిగినా ఫోన్ పెట్టేయండి. ఇప్పటికే అగ్రిమెంట్ చేతికొచ్చి ఉంటే సంతకం పెట్టే ముందు నాకోసారి చూపించండి. మధ్యాహ్నం లంచ్ టైమ్‌లో బార్ అసోసియేషన్ హాల్లోనే ఉంటాను.